వైబీసీఓ మీద పీజడ్‌టీ పొర పెంచడం ఎలా: అతివాహకత్వాన్ని కాపాడుకుంటూ ఫెర్రోఎలక్ట్రిక్ పొర వేసే పద్ధతి

అతివాహక ఆక్సైడ్ (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు మోసేది) మీద ఫెర్రోఎలక్ట్రిక్ పొర (వోల్టేజ్‌తో తిప్పగల విద్యుత్ పోలరైజేషన్‌ను తనంతట నిలుపుకునేది) వేయబోయేవాళ్లు ఎక్కువగా పై పొర గురించే ఆలోచిస్తారు. పీజడ్‌టీ, అంటే లెడ్ జిర్కొనేట్ టైటనేట్, బాగా పెరిగిందా, హిస్టెరిసిస్ లూప్ (వోల్టేజ్‌తో పోలరైజేషన్ మారే తీరు చూపే గీత) నిండుగా వచ్చిందా అని చూస్తారు. కానీ ఈ పనిలో అసలు కష్టమంతా కింది పొరదే. ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్, అంటే మనం లాబ్‌లో పిలిచే వైబీసీఓ, 92 కెల్విన్ దగ్గర అతివాహకం కావాలంటే దాని ఫార్ములాలో ఆక్సిజన్ పరమాణువుల సంఖ్య 7కి బాగా దగ్గరగా ఉండాలి. అది 6.4 దరిదాపులకు పడిపోతే అతివాహకత్వం పోతుంది. పై పొర పెరగడానికి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడిలో, ఛాంబర్‌లో ఉండే కొద్దిపాటి పీడనం దగ్గర వైబీసీఓ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోలేదు. అందుకే కింద ప్రతి దశలోనూ ఆక్సిజన్ ఎక్కడికి పోతోంది, తిరిగి ఎలా వస్తుంది అన్నదాన్నే ముందు పెట్టాను.

ఇది పల్స్‌డ్ లేజర్ డిపోజిషన్, అంటే పీఎల్‌డీ సిస్టమ్ (టార్గెట్ అనే పదార్థపు బిళ్లను లేజర్ పల్సులతో ఆవిరి చేసి పొర వేసేది) అందుబాటులో ఉన్న ఎమ్మెస్సీ ప్రాజెక్టు, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం. స్పటరింగ్‌తో (గ్యాస్ అయాన్లతో టార్గెట్‌ను కొట్టి పొర వేసే పద్ధతి) కూడా ఈ పొరలు పెంచవచ్చు. అయితే పీఎల్‌డీకి పేరు వచ్చిందే 1987లో అమెరికాలోని బెల్‌కోర్‌లో టి. వెంకటేశన్ బృందం ఆ పద్ధతిలో వైబీసీఓ పొరలు వేశాక. టార్గెట్‌లో ఉన్న మూలకాల నిష్పత్తి దాదాపు అలాగే పొరలోకి దిగడం, అధిక ఆక్సిజన్ పీడనంలో పనిచేయగలగడం దాని బలాలు. మనకు కావలసినవి ఆ రెండే.

ముందు మందం తేల్చుకోండి

వైబీసీఓను మీరు దేనికి వాడబోతున్నారన్నది మొదటి ప్రశ్న. అది పీజడ్‌టీకి కింది ఎలక్ట్రోడ్‌గా మాత్రమే కావాలంటే 100 నానోమీటర్ల మందం పెట్టుకోండి, పని సులువవుతుంది. పీజడ్‌టీకి ప్లాటినం ఎలక్ట్రోడ్లు వాడితే పదేపదే స్విచ్ చేసిన కొద్దీ పోలరైజేషన్ తగ్గిపోతుంది. వైబీసీఓ వంటి ఆక్సైడ్ ఎలక్ట్రోడ్లతో ఆ ఫెటీగ్ బాగా తగ్గుతుంది. 1990ల మొదట్లో ఈ జంట మీద అంత ఆసక్తి పుట్టడానికి అదొక కారణం.

ఫెర్రోఎలక్ట్రిక్ పోలరైజేషన్‌తో అతివాహకత్వాన్నే మార్చాలంటే (దీన్నే ఫీల్డ్ ఎఫెక్ట్ అంటాం) మాత్రం లెక్క వేరు. పీజడ్‌టీ పోలరైజేషన్ చదరపు సెంటీమీటరుకు 50 మైక్రోకూలంబ్‌లు అనుకుందాం. ఎలక్ట్రాన్ల లెక్కలో అది చదరపు సెంటీమీటరుకు సుమారు 3 తర్వాత 14 సున్నాలు. వైబీసీఓ యూనిట్ సెల్ అడుగు వైశాల్యం 3.82, 3.89 ఆంగ్‌స్ట్రామ్‌ల లబ్ధం కాబట్టి ఒక్కో సెల్‌కు దాదాపు 0.46 ఛార్జి వస్తుంది. చిన్న సంఖ్య కాదిది. కానీ ఆ ఛార్జి అంతా ఇంటర్‌ఫేస్‌ను అంటుకుని ఉన్న ఒకటి రెండు యూనిట్ సెల్స్‌లోనే స్క్రీన్ అయిపోతుంది, అంటే దాని ప్రభావం అంతకు మించి లోపలికి పోదు. కింద 100 నానోమీటర్ల మందపాటి పొర ఉంటే, మార్పు పడని భాగమే కరెంటునంతా మోసేస్తుంది, మీకు ఏ తేడా కనబడదు. కాబట్టి ఫీల్డ్ ఎఫెక్ట్ కోసం వైబీసీఓ మందం కొద్ది యూనిట్ సెల్స్‌కు మించకూడదు. ఒక్కో సెల్ ఎత్తు 1.17 నానోమీటర్లు. 1999లో చార్ల్స్ ఆన్, జాన్ మార్క్ ట్రిస్కోన్ బృందం పీజడ్‌టీతో అతివాహకపు క్రాంతిక ఉష్ణోగ్రతను (అతివాహకత్వం మొదలయ్యే ఉష్ణోగ్రత) కొన్ని కెల్విన్‌లు జరిపి చూపినప్పుడు వాడింది కూడా గడోలినియం కుప్రేట్ (వైబీసీఓ వంటిదే అయిన కాపర్ ఆక్సైడ్) అతి పలుచని పొరనే.

నా సలహా: మొదట 100 నానోమీటర్ల పొరతో మొత్తం పద్ధతి చేతికి రానివ్వండి. మందం తగ్గించడం తర్వాతి పని.

ఏ ఫెర్రోఎలక్ట్రిక్?

1991లో రామమూర్తి రమేశ్ బృందం బిస్మత్ కుప్రేట్ పొర మీద బిస్మత్ టైటనేట్‌ను ఎపిటాక్సీగా, అంటే కింది స్ఫటిక వరసను అనుసరించేలా, పెంచింది. స్ఫటిక నిర్మాణాల పొందిక చూస్తే చాలా అందమైన జంట అది. కానీ అందులో మిగులు పోలరైజేషన్ చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోకూలంబ్ దగ్గరే ఆగింది. బిస్మత్ టైటనేట్ పోలరైజేషన్ దాదాపు అంతా ఎ-అక్షం వెంట ఉంటుంది, పొర మాత్రం సి-అక్షం నిలువుగా ఉండేలా పెరుగుతుంది. అంటే బలమంతా పొర తలంలోనే పడుకుని ఉంటుంది. ఫీల్డ్ ఎఫెక్ట్ కోరుకునేవాళ్లు పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే: పెరిగే దిశలో పోలరైజేషన్ ఎంత?

ఆ లెక్కన జిర్కోనియం 20, టైటానియం 80 పాళ్లున్న పీజడ్‌టీ మంచి ఎంపిక. అది టెట్రాగోనల్ (ఒక అక్షం మిగతా రెండిటికన్నా పొడవైన స్ఫటిక నిర్మాణం), పోలరైజేషన్ సి-అక్షం వెంటే ఉంటుంది. ఎ-అక్షం పొడవు సుమారు 3.95 ఆంగ్‌స్ట్రామ్‌లు. పలుచని వైబీసీఓ పొర తనకు కింద ఆధారంగా ఉన్న స్ట్రాన్షియం టైటనేట్‌ను, అంటే ఎస్‌టీఓను, అంటిపెట్టుకుని 3.905 దగ్గర సాగి ఉంటే పీజడ్‌టీ మీద పడే సంపీడనం 1 శాతం పైచిలుకు. తలంలో నొక్కుడు ఉంటే సి-అక్షం పైకి నిలబడుతుంది, మనకు కావలసిందీ అదే. వైబీసీఓ మందమై తన సొంత కొలతలకు సడలిపోతే ఈ తేడా రెండు శాతం దాటుతుంది, అప్పుడు డిస్‌లొకేషన్లు (స్ఫటిక వరస తప్పిన గీతల్లాంటి లోపాలు) పెరుగుతాయి.

సీసం వాడటం ఇష్టం లేకపోతే బేరియం టైటనేట్ ఉంది. ఎగిరిపోయే మూలకం లేదు కాబట్టి పెంచడం తేలిక. కానీ పోలరైజేషన్ తక్కువ, ఎస్‌టీఓ కొలతతోనే 2 శాతం మించిన తేడా ఉంటుంది. చేయి అలవాటు పడటానికి మొదటి కొన్ని పొరలు దీనితో వేసుకోవడం మంచిదే.

ఛాంబర్ తెరిచే ముందు

పీజడ్‌టీ టార్గెట్‌ను సానబెట్టినప్పుడు లేచే పొడిలో సీసం ఉంటుంది. గ్లవ్స్, మాస్క్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లో సానబెట్టండి, గుడ్డతో తుడిచి ఆ గుడ్డను వేరే డబ్బాలో వేయండి. ఛాంబర్ లోపలి గోడలు గీకినప్పుడూ అంతే. 248 నానోమీటర్ల క్రిప్టాన్ ఫ్లోరైడ్ లేజర్‌కు సరిపడే కళ్లద్దాలు లేకుండా బీమ్ తెరవద్దు. లేజర్ గ్యాస్‌లో ఫ్లోరిన్ ఉంటుంది, ఎగ్జాస్ట్ పనిచేస్తోందో లేదో చూసుకోండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. మీ రోటరీ పంపులో మామూలు మినరల్ ఆయిల్ ఉంటే, దానితో గాఢమైన ఆక్సిజన్‌ను లాగడం పేలుడు ప్రమాదం. ఫాంబ్లిన్ వంటి ఫ్లోరినేటెడ్ ఆయిల్ ఉన్న పంపు లేదా డ్రై పంపు వాడండి. చల్లార్చే దశలో ఛాంబర్ నిండా ఆక్సిజన్ నింపుతాం కాబట్టి ఇది తప్పించుకోలేని విషయం.

సబ్‌స్ట్రేట్

సబ్‌స్ట్రేట్ అంటే పొరలు పెరిగే ఆధారపు పలక. 001 ముఖం ఉన్న (సి-అక్షానికి లంబంగా కోసిన), 5 మిల్లీమీటర్ల చదరపు ఎస్‌టీఓ ముక్క తీసుకోండి. 100 నానోమీటర్ల పొరకైతే అసిటోన్‌లో, ఐసోప్రొపనాల్‌లో అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేసి నైట్రోజన్‌తో ఊదితే చాలు. కొద్ది యూనిట్ సెల్స్ పొరకు మాత్రం ఉపరితలం మెట్లు మెట్లుగా, ఒకే రకం పరమాణువుల వరసతో ముగియాలి. బఫర్డ్ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో టైటానియం ఆక్సైడ్ ముఖం తెచ్చే పద్ధతిని 1994లో కవాసాకి బృందం చూపింది. దానికి ముందు నీటిలో నానబెడితే స్ట్రాన్షియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారి యాసిడ్‌లో తేలిగ్గా కరుగుతుందని తర్వాత తేలింది. యాసిడ్‌లో ముంచేది కొన్ని సెకన్లే, ఆపైన ఆక్సిజన్‌లో 950 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు అనీల్ చేయాలి, అంటే ఆ వేడిలో ఉంచాలి.

మీ డిపార్ట్‌మెంట్‌లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌కు ప్రత్యేకమైన చోటు, కాల్షియం గ్లూకోనేట్ జెల్, శిక్షణ ఉన్న మనిషి, ఈ మూడూ లేకపోతే దాన్ని ముట్టుకోవద్దు. చర్మం మీద పడిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. ట్రీట్‌మెంట్ చేసిన సబ్‌స్ట్రేట్లు కొనుక్కోవచ్చు. డీఅయనైజ్డ్ నీటితో స్ట్రాన్షియం ఆక్సైడ్‌ను కడిగి 1000 డిగ్రీల దగ్గర అనీల్ చేసే పద్ధతీ ఉంది. ఏఎఫ్ఎమ్ (సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) కింద మెట్లు స్పష్టంగా కనబడ్డాకే ముందుకు వెళ్లండి.

సబ్‌స్ట్రేట్‌ను హీటర్ బ్లాక్‌కు సిల్వర్ పేస్ట్‌తో అతికించండి. పలుచగా, సమానంగా రాయండి. పూర్తిగా ఆరబెట్టాకే ఛాంబర్‌లో పెట్టండి, లేకపోతే వేడెక్కేటప్పుడు బుడగలొచ్చి ఒక మూల పైకి లేస్తుంది. ఆ మూల చల్లగా ఉండి, అక్కడ వేరే రకం పొర పెరుగుతుంది. థర్మోకపుల్ చూపించేది బ్లాక్ ఉష్ణోగ్రత, సబ్‌స్ట్రేట్ పైముఖం దానికన్నా పదుల డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. ఇక్కడ నేనిచ్చే అంకెలన్నీ హీటర్ అంకెలు. మీ సిస్టమ్‌లో వాటిని రెండు వైపులా 30 డిగ్రీలు జరిపి చూసుకోండి.

లేజర్, టార్గెట్లు

రెండు టార్గెట్లు కావాలి: గట్టిగా నొక్కి కాల్చిన వైబీసీఓ ఒకటి, 10 నుంచి 20 శాతం సీసం ఎక్కువగా కలిపిన పీజడ్‌టీ ఒకటి. వైబీసీఓ టార్గెట్‌ను పొడిగానే సానబెట్టండి, నీళ్లు తగలనివ్వద్దు. నీటితో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో అందులోని బేరియం చర్య జరిపి కార్బొనేట్ అవుతుంది.

టార్గెట్ మీద పడే శక్తి చదరపు సెంటీమీటరుకు 1.5 నుంచి 2 జౌల్స్ ఉండాలి. దీన్ని లేజర్ డబ్బా మీద కనిపించే అంకె నుంచి లెక్కగట్టొద్దు. ప్రతి డిపోజిషన్‌లోనూ క్వార్ట్జ్ కిటికీ లోపలి వైపు పొర పేరుకుంటుంది, అందులోంచి దాటే శక్తి తగ్గుతూ పోతుంది. కిటికీని బయటికి తీసి, లేజర్ దారిలో పెట్టి, దాని వెనక ఎనర్జీ మీటర్ ఉంచి కొలవండి. స్పాట్ వైశాల్యాన్ని టార్గెట్ మీద పడిన మచ్చ నుంచి తీసుకోండి. మొన్న బాగా వచ్చిన రెసిపీ ఈరోజు రావడం లేదంటే మొదట అనుమానించాల్సింది ఈ కిటికీనే.

వైబీసీఓ పొర

ఛాంబర్‌ను టార్‌లో (టార్ అంటే పీడనపు కొలత) పది లక్షల వంతు దాకా పంప్ చేయండి. తర్వాత ఆక్సిజన్ వదిలి, ఆక్సిజన్‌లోనే వేడి చేయండి. 200 మిల్లీటార్ పీడనం, 780 డిగ్రీలు, టార్గెట్‌కు సబ్‌స్ట్రేట్‌కు మధ్య 5 సెంటీమీటర్లు మంచి ఆరంభ స్థానం. షట్టర్ మూసి వెయ్యి పల్సుల దాకా టార్గెట్‌ను శుభ్రం చేయండి. ప్లూమ్‌ను (టార్గెట్ నుంచి లేచే మెరిసే ఆవిరి మంట) చూడండి: దాని అంచు సబ్‌స్ట్రేట్‌ను ఇంచుమించు తాకుతూ ఉండాలి. పీడనం పెరిగితే ప్లూమ్ ముడుచుకుంటుంది, తగ్గితే పరమాణువులు మరీ వేగంగా వచ్చి పొరను గుద్దుతాయి. 5 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. ఒక్క పల్సుకు ఎంత మందం పడుతోందో ముందే మరో ముక్క మీద ఎక్స్‌రే రిఫ్లెక్టివిటీతో కొలిచి పెట్టుకోండి.

వేడి తక్కువైతే ఎ-అక్షం పైకి నిలిచిన స్ఫటిక గింజలు పెరుగుతాయి, ఏఎఫ్ఎమ్‌లో అవి లంబకోణంలో పరుచుకున్న కడ్డీల్లా కనిపిస్తాయి. వాటి మీద పీజడ్‌టీ వేస్తే ఆ అంచుల వెంట లీకేజ్ కరెంట్ తప్పదు. పై పొరలో కనిపించే లీకేజ్‌కు చాలాసార్లు మూలం కింది పొర గరుకుతనమే. అందుకే మొదటి రెండు మూడు నమూనాలు వైబీసీఓ వరకే ఆపి, నునుపుదనం సరిచూసుకోండి.

అతి పలుచని పొర కావాలనుకుంటే ఎస్‌టీఓ మీద నేరుగా కాకుండా ముందు కొద్దిగా ప్రసియోడిమియం కుప్రేట్ వేయండి. నిర్మాణం వైబీసీఓదే, కానీ అతివాహకం కాదు. ఇంటర్‌ఫేస్‌లో వచ్చే లోపాలన్నీ ఆ బఫర్ పొర భరిస్తుంది, అతివాహక పొర శుభ్రంగా పెరుగుతుంది.

రెండు పొరల మధ్య

ఇక్కడ ఒక తప్పుడు ఆలోచన చాలామందికి వస్తుంది. వైబీసీఓ పెరగ్గానే చల్లార్చి, ఆక్సిజన్ నింపి, అది అతివాహకమైందని నిర్ధారించుకుని, అప్పుడు మళ్లీ వేడిచేసి పీజడ్‌టీ వేద్దామనుకుంటారు. పద్ధతిగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ శ్రమ వృథా. పెరిగేటప్పుడు వైబీసీఓ టెట్రాగోనల్ ఫేజ్‌లో, ఆక్సిజన్ 6కి కాస్త పైన మాత్రమే ఉన్న స్థితిలో ఉంటుంది. మధ్యలో మీరు నింపిన ఆక్సిజన్, 600 డిగ్రీలకు 150 మిల్లీటార్‌లో మళ్లీ వేడి చేసిన నిమిషాల్లోనే బయటికి పోతుంది. పైగా ఛాంబర్ తెరిస్తే ఉపరితలం గాలిలోని తేమను పట్టుకుంటుంది. కాబట్టి ఆక్సిజన్‌ను చివర్లో ఒక్కసారే నింపాలి. 780 నుంచి నేరుగా 600కు దించండి, వాక్యూమ్ తెంచకుండా టార్గెట్ మార్చండి.

దించే దారిలో ఆక్సిజన్ వాల్వ్ మూయొద్దు. వైబీసీఓ వేడిగా ఉన్నప్పుడు పీడనం బాగా పడిపోతే అది ఆక్సిజన్ పోగొట్టుకోవడంతో ఆగదు, వేరే ఆక్సైడ్లుగా విడిపోతుంది. ఆక్సిజన్ పోతే తిరిగి నింపవచ్చు, విడిపోయిన నిర్మాణాన్ని మాత్రం బాగుచేయలేం.

పీజడ్‌టీ పొర

550 నుంచి 620 డిగ్రీల మధ్య, 150 నుంచి 200 మిల్లీటార్. ఈ ఉష్ణోగ్రతల పరిధి ఇరుకైనది, రెండు వైపులా ప్రమాదమే. వేడి తక్కువైతే మనకు కావలసిన పెరోవ్‌స్కైట్ నిర్మాణానికి బదులు పైరోక్లోర్ అనే వేరే నిర్మాణం వస్తుంది, దానికి ఫెర్రోఎలక్ట్రిక్ గుణం లేదు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) 29, 30 డిగ్రీల కోణాల మధ్య ఒక పీక్ కనిపిస్తే అనుమానించండి. వేడి ఎక్కువైతే సీసం ఆక్సైడ్ ఎగిరిపోతుంది, సీసం కొరతతోనూ పైరోక్లోరే వస్తుంది. 650 దాటాక కింద వైబీసీఓతో మూలకాల మార్పిడి కూడా మొదలవుతుంది. 580తో మొదలుపెట్టమంటాను.

టార్గెట్‌లో సీసం ఎంత ఎక్కువ ఉండాలన్నది మీ ఛాంబర్‌ను బట్టి ఉంటుంది. సబ్‌స్ట్రేట్ దూరం, పీడనం, పల్సుల వేగం అన్నీ దాన్ని మారుస్తాయి. సీసం ఎక్కువైనా నష్టమే, గింజల మధ్య సీసం ఆక్సైడ్ చేరి లీకేజ్ పెరుగుతుంది. వీలైతే ఈడీఎక్స్ (మూలకాలు వెలువరించే ఎక్స్‌రేలను కొలిచే పద్ధతి) కన్నా రూథర్‌ఫర్డ్ బ్యాక్‌స్కాటరింగ్‌తో (అయాన్లను కొట్టి వెనక్కి వచ్చేవాటిని కొలిచే పద్ధతి) నిష్పత్తి చూడండి, పలుచని పొరకు అదే నమ్మదగింది.

ఎలక్ట్రోడ్ పనికైతే 200 నుంచి 300 నానోమీటర్లు. ఫీల్డ్ ఎఫెక్ట్‌కు, ముఖ్యంగా ఏఎఫ్ఎమ్ మొనతో పోల్ చేయాలనుకుంటే, అంటే వోల్టేజ్‌తో పోలరైజేషన్‌ను ఒక దిశకు తిప్పాలనుకుంటే, 50 నుంచి 100 నానోమీటర్లు చాలు. మందం తగ్గితే స్విచింగ్ వోల్టేజ్ తగ్గుతుంది, కానీ లీకేజ్ పెరుగుతుంది.

ఒక కంట్రోల్ నమూనా తప్పకుండా చేయండి. అదే వైబీసీఓ, అదే వేడి, అదే పీడనం, అంతే సమయం, కానీ పీజడ్‌టీ లేజర్ పల్సులు మాత్రం లేకుండా. తర్వాత క్రాంతిక ఉష్ణోగ్రత పడిపోతే నేరం పై పొరదా, వేడిదా అని తేల్చేది ఈ ముక్కే. ఇది లేకుండా రాసిన ఫలితాల మీద రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఉండదు.

చల్లార్చడం: నమూనా తలరాత ఇక్కడే

లేజర్ ఆగగానే పంపు వైపు వాల్వ్ మూసి, ఛాంబర్‌లోకి 500 టార్ దాకా ఆక్సిజన్ వదలండి. నెమ్మదిగా వదలండి. ఒక్కసారిగా చల్లని గ్యాస్ కొడితే సబ్‌స్ట్రేట్ పగలవచ్చు, గోడల మీది పొడి లేచి పొర మీద పడవచ్చు.

నిమిషానికి 5 డిగ్రీల చొప్పున దించండి. సుమారు 450 నుంచి 470 డిగ్రీల మధ్య పీజడ్‌టీ తన క్యూరీ ఉష్ణోగ్రతను (దాని కిందే అది ఫెర్రోఎలక్ట్రిక్) దాటుతుంది, క్యూబిక్ నుంచి టెట్రాగోనల్ అవుతుంది. కొన్ని చోట్ల సి-అక్షం పైకి నిలుస్తుంది, కొన్ని చోట్ల పక్కకు పడుకుంటుంది. అదే దారిలో కింద వైబీసీఓ ఆక్సిజన్ పీల్చుకుంటూ తానూ ఆర్థోరాంబిక్‌గా (మూడు అక్షాల పొడవులూ వేరుగా ఉండే నిర్మాణం) మారుతుంది. రెండు పొరల కొలతలూ ఒకేసారి మారుతున్న ఈ దశలో తొందరపడితే పగుళ్లు వస్తాయి.

ఇక హోల్డ్, అంటే ఒకే వేడి దగ్గర ఆపి ఉంచడం. పైన ఏమీ లేని వైబీసీఓ పొరకు 450 నుంచి 500 డిగ్రీల దగ్గర అరగంట చాలు. పైన పీజడ్‌టీ ఉంటే అది మూతలా పనిచేస్తుంది. ఆక్సిజన్ అంచుల నుంచి, పై పొరలోని గింజల హద్దుల నుంచి, డిస్‌లొకేషన్ల వెంట లోపలికి పోవాలి. వైబీసీఓలో ఆక్సిజన్ ఎ-బి తలంలో వేగంగా, సి దిశలో చాలా నెమ్మదిగా కదులుతుంది. పై పొర ఎంత నాణ్యంగా, లోపాలు లేకుండా పెరిగితే ఆక్సిజన్‌కు దారి అంత తక్కువ. పీజడ్‌టీ మెరుగుపడిన కొద్దీ క్రాంతిక ఉష్ణోగ్రత పడిపోవడం చూసి కంగారు పడకండి, హోల్డ్ సమయం పెంచండి. గంటతో మొదలుపెట్టి, కంట్రోల్ నమూనాతో పోల్చుతూ రెండు గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. 500 పైన ఎక్కువసేపు ఆపినా లాభం లేదు: చొరబాటు వేగంగా ఉంటుంది కానీ ఆ వేడిలో వైబీసీఓ పట్టుకోగల ఆక్సిజన్ మోతాదే తక్కువ. 400 కిందికి దిగితే మోతాదు ఎక్కువ, చొరబాటు నెమ్మది. అందుకే 500 దగ్గర కొంతసేపు ఆపి, ఆపైన 400 దాకా బాగా నెమ్మదిగా దించడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. 400 తర్వాత హీటర్ ఆపేయవచ్చు. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఛాంబర్ తెరవద్దు.

ఆక్సిజన్ దిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి

క్రయోస్టాట్ (నమూనాను బాగా చల్లబరిచి కొలిచే పరికరం) దగ్గరికి పరిగెత్తే ముందు ఎక్స్‌ఆర్‌డీ తీయండి. ఆక్సిజన్ నిండితే వైబీసీఓ సి-అక్షం 11.68 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది, పోతే 11.8 వైపు సాగుతుంది. 003, 006 పీక్‌లను (ఈ అంకెలు స్ఫటిక తలాల గుర్తులు) నమ్ముకోవద్దు, అవి ఎస్‌టీఓ పీక్‌ల పక్కనే పడి కలిసిపోతాయి. 005 చూడండి: కాపర్ కె-ఆల్ఫాతో 38.5 డిగ్రీల దగ్గర రావాలి. అది 38.2 వైపు జరిగితే ఆక్సిజన్ తక్కువగా ఉందని అర్థం. 007తో సరిచూసుకోండి, అది 55 దగ్గర ఉంటుంది. పీజడ్‌టీ 002 పీక్ 44కు కాస్త కింద, పక్కకు పడుకున్న ఎ-డొమైన్ల పీక్ 46 దగ్గర. ఈ రెండింటి తీవ్రతల నిష్పత్తే మీ పోలరైజేషన్ ఎంత శాతం నిలువుగా ఉందో చెబుతుంది.

ఆక్సిజన్ తక్కువని తేలితే నమూనా పారేయకండి. ట్యూబ్ ఫర్నేస్‌లో, పారే ఆక్సిజన్‌లో, 450 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి మళ్లీ 005 చూడండి.

పొర కాదు, అసలైన స్ఫటికమే ఉంటే

ఫ్లక్స్‌లో (కరిగించిన ద్రావణి లవణాల్లో) పెంచిన వైబీసీఓ సింగిల్ క్రిస్టల్ మీద పొర వేయాలనుకునేవాళ్లు ఆలోచించి దిగండి. పలుచని పొర నిమిషాల్లో ఆక్సిజన్ నింపుకుంటుంది, స్ఫటికానికి రోజులు, వారాలు పడుతుంది. 600 డిగ్రీల దగ్గర పోగొట్టుకున్నది తిరిగి నింపాలంటే అన్ని రోజులూ ఫర్నేస్‌లో ఉంచాలి. ఎంతో కష్టపడి డీట్విన్ చేసిన (ఎ, బి అక్షాలు అంతటా ఒకే దిశలో ఉండేలా చేసిన) స్ఫటికమైతే, టెట్రాగోనల్ ఫేజ్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి ట్విన్‌లు మళ్లీ వస్తాయి. ఉపరితలం మీద మిగిలిన ఫ్లక్స్ మరకలు కూడా ఎపిటాక్సీని చెడగొడతాయి.

బిస్మత్ కుప్రేట్ స్ఫటికాలైతే అభ్రకంలా టేప్‌తో పొరలుగా ఊడదీయవచ్చు, శుభ్రమైన ముఖం వస్తుంది. కానీ ఆ ముఖం మీద బంధాలు బలహీనం, పీజడ్‌టీ అక్కడ క్రమంగా మొలకెత్తడం కష్టం.

తేలికైన అతివాహక ఆక్సైడ్ స్ఫటికం ఒకటుంది, దాన్ని చాలామంది అలా చూడరు: నయోబియం కలిపిన ఎస్‌టీఓ. కొనడానికి దొరుకుతుంది, ఉపరితలం ఎలా సిద్ధం చేయాలో అందరికీ తెలుసు, వైబీసీఓలోలా ఆక్సిజన్ పోతుందన్న బెంగ ఉండదు. 2006లో ట్రిస్కోన్ బృందం నయోబియం ఎస్‌టీఓ పలుచని పొర మీద పీజడ్‌టీ వేసి, ఏఎఫ్ఎమ్ మొనతో డొమైన్లు రాసి అతివాహకత్వాన్ని అక్కడికక్కడే మార్చి చూపింది. చిక్కల్లా ఇది కెల్విన్‌లో సగానికన్నా కిందే అతివాహకం కావడం. అంత చల్లదనం ఇచ్చే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ వంటి పరికరం లేకపోతే పనికిరాదు. వైబీసీఓ పొరను కనీసం ద్రవ నైట్రోజన్‌తోనైనా పరీక్షించవచ్చు.

ఎలక్ట్రోడ్లు, కొలతలు

పీజడ్‌టీ పైన షాడో మాస్క్‌తో 100 మైక్రాన్ల బంగారం లేదా ప్లాటినం ప్యాడ్లు వేయండి. కింది వైబీసీఓకు కాంటాక్ట్ తీయడం అంత సులువు కాదు. ఛాంబర్‌లో కదిలే మాస్క్ ఉంటే పీజడ్‌టీ వేసేటప్పుడు ఒక మూల మూసి ఉంచండి. లేకపోతే ప్యాడ్లతో పోలిస్తే ఎంతో పెద్దదైన మరో ఎలక్ట్రోడ్ పైనే వేసి దాన్ని గ్రౌండ్ చేయండి. పెద్ద కెపాసిటర్ సిరీస్‌లో ఉన్నా వోల్టేజ్ అంతా చిన్న ప్యాడ్ మీదే పడుతుంది కాబట్టి లూప్ దాదాపు సరిగానే వస్తుంది.

లూప్‌ను గది ఉష్ణోగ్రతలో ఒకసారి, చల్లబరిచి ఒకసారి తీయండి. చల్లబడితే లీకేజ్ తగ్గి లూప్ శుభ్రంగా కనిపిస్తుంది, కోయర్సివ్ ఫీల్డ్ (పోలరైజేషన్‌ను తిప్పడానికి కావలసిన ఫీల్డ్) మాత్రం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో సరిపోయిన వోల్టేజ్ 80 కెల్విన్ దగ్గర స్విచ్ చేయకపోవచ్చు. వీలైతే వెచ్చగా ఉన్నప్పుడే పోల్ చేసి, తర్వాత చల్లబరచండి.

మీ యూనివర్సిటీలో తక్కువ ఉష్ణోగ్రత కొలతలకు వసతి లేకపోతే ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ కన్సార్షియం యూనివర్సిటీ పరిశోధకుల కోసమే ఉంది, ప్రపోజల్ పంపండి. నమూనాలను సిలికా జెల్ వేసిన సీల్డ్ డబ్బాలో తీసుకెళ్లండి. వానాకాలంలో, తీరప్రాంతపు గాలిలో, అంచుల దగ్గర బయటపడి ఉన్న వైబీసీఓ త్వరగా పాడవుతుంది.

ఫీల్డ్ ఎఫెక్ట్ కొలిచేటప్పుడు దిశ గుర్తుంచుకోండి. పోలరైజేషన్ వైబీసీఓకు దూరంగా, పైకి చూస్తుంటే ఇంటర్‌ఫేస్ దగ్గర రుణ బౌండ్ ఛార్జి ఉంటుంది, అది వైబీసీఓలోకి హోల్స్‌ను (అందులో కరెంటు మోసే ధన ఛార్జీలు) లాగుతుంది. అండర్‌డోప్డ్ పొరలో, అంటే హోల్స్ తక్కువగా ఉన్న పొరలో, క్రాంతిక ఉష్ణోగ్రత పెరగాలి. కిందికి తిప్పితే తగ్గాలి. మళ్లీ పైకి తిప్పితే మొదటి విలువకే రావాలి. కొద్దికొద్దిగా ఒకే దిశలో జరుగుతూ పోతుంటే మీరు చూస్తున్నది పోలరైజేషన్ ప్రభావం కాదు, ఎలక్ట్రిక్ ఫీల్డ్‌కు ఆక్సిజన్ అయాన్లు కదలడం. పోల్ చేసిన వోల్టేజ్ తీసేశాకే నిరోధం కొలవండి, అప్పుడు లీకేజ్ కరెంట్ వల్ల వచ్చే వేడి లెక్కలోకి రాదు. నాలుగు ప్రోబ్‌లతో, కొద్ది మైక్రోఆంపియర్ల కరెంటుతో, చల్లబరిచేటప్పుడు ఒకసారి, వేడెక్కేటప్పుడు ఒకసారి నిరోధం తీసి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు పోలరైజేషన్ తిప్పండి.